కడిగిన బండలు

గురువారం పొద్దున ఏడింటికే ఉలిగప్ప పెనుకొండలోని తన సైకిల్ షాపు నుంచి బయలుదేరాడు. ఆదివారం టూరు ఉంటే గురువారమే ఒకసారి దారంతా తొక్కి చూసుకోవడం అతని పద్ధతి. ఎక్కడ కంకర తేలిందో, ఏ వంకలో నీళ్లు నిలిచాయో, సర్కారు తుమ్మ కంప ఎక్కడ దారి మీదికి వాలిందో కళ్లారా చూసుకుంటే తప్ప, పిల్లలున్న కుటుంబాన్ని ఆ దారిన తీసుకుపోడు. హ్యాండిలుకు కొడవలి కట్టుకున్నాడు. క్యారియరు మీద గాలిపంపు, పంక్చర్ల డబ్బా.

వానల వల్ల మూడు వారాలుగా టూర్లు లేవు. కోట ఉత్తరపు వాకిలి దాటాడు. కొండ మొదట్లో ఉన్న రెండు చిన్న పాడుగుళ్లను చూసుకున్నాడు. రెండోదాని మెట్ల మీద పాము కుబుసం కనిపిస్తే కొడవలి కొనతో ఎత్తి కంపలోకి విసిరేశాడు. అక్కడి నుంచి వేరుశనగ చేల మధ్య తొమ్మిది కిలోమీటర్ల మట్టిదారి. దాని చివర గుట్టకిందపల్లి. ఊరికి ఇవతల, గుట్టకు ఆనుకొని, అతను పన్నెండేళ్లుగా జనానికి చూపిస్తున్న పెద్ద గుడి.

ఆ ఊరు అతనిదే. ఊరికి తూర్పున ఉన్న ఎస్సీ కాలనీలో పుట్టాడు. ఇప్పటికీ తమ్ముడు గోవిందు అక్కడే ఉంటున్నాడు. గుడి కొలతలు తీయడానికి వచ్చిన ఒక సారు వెంబడి పది రోజులు టేపు పట్టుకొని తిరిగినప్పుడు, ఏ బొమ్మ ఏమిటో, ఏ దూలం కింద ఏ రాయి పగిలిందో నేర్చుకున్నాడు. ఆ సారు వెళ్లిపోయాక మండపాన్ని మింగేసిన కంపను రెండు ఎండాకాలాలు ఒక్కడే కొట్టాడు. అప్పుడు ఆ గుడి గబ్బిలాలదీ మేకలదీ. గర్భగుడిలో వట్టి పీఠం ఉండేది.

మలుపు తిరిగేసరికి గుడి తెల్లగా కనిపించింది.

సైకిలు తొక్కడం ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి చూశాడు. కనిపించే స్తంభాలన్నిటికీ సున్నం కొట్టారు. ముందువైపు నల్లటి ఇనుప గేటు, దానికి వాడిపోయిన మామిడాకుల తోరణం. షామియానా కోసం పాతిన గుంజలు ఇంకా పీకలేదు. ఊర్లో ఏదో హోమం జరుగుతోందని గోవిందు ఫోనులో అన్నాడు గాని, ఎక్కడో చెప్పలేదు.

గేటు లోపల సిద్ధమ్మ కసువు ఊడుస్తోంది. అరవై దాటిన మనిషి. ఊర్లో రెండెకరాల చేను ఉన్నా, మొగుడు పోయాక ఏ పని దొరికితే ఆ పని చేస్తోంది.

"ఏమవ్వా, ఇదంతా ఎప్పుడు జరిగింది?"

"నీకు తెల్దా అప్పా? వేణుగోపాలసామిని నిలబెట్టినారు గదా. పదకొండు దినాలాయ. సోమందేపల్లి నుంచి అయ్యగారు తెల్లారే వచ్చి పూజ చేసిపోతాడు. ఊడ్చే పని నాకిచ్చినారు."

ఉలిగప్ప అలవాటు కొద్దీ మెట్టు మీద కాలు పెట్టాడు. సిద్ధమ్మ చేతిలో పొరక ఆగిపోయింది. ఆమె ఆ కాలినే చూసింది.

అంతలో రాఘవేంద్ర మోటారుసైకిలు మీద వచ్చాడు. గుడి కమిటీకి పెద్ద అతనే. ఊర్లో మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. గోవిందు పనిచేసేది ఆ షెడ్డులోనే.

"ఓ, ఉలిగా! చూస్తివా మన గుడిని?" అన్నాడు దిగుతూనే.

"చూస్తాండానన్నా."

"అంతా నీ పుణ్యమేనబ్బా. నువ్వు కంప కొట్టి, యాడాడోళ్లనో పిలుచుకొచ్చి చూపిచ్చబట్టే గదా మనోళ్లకు కండ్లు తెరుచుకునింది. ఇంత గుడి పెట్టుకొని సుమ్మనే ఉంటిమే అని, నలుగురూ దుడ్లేసుకొని నిలబెట్టినారు."

"ఆదివారం హిందూపురం నుంచి ఒక కుటుంబం వస్తాండాదన్నా. ముగ్గురు."

"రానీ. బంగారట్ల రానీ. నేనే దగ్గరుండి లోపలంతా చూపిస్తా." రాఘవేంద్ర జేబులోంచి ఫోను తీసి, ఏమీ మోగకపోయినా దానికేసి చూశాడు. "నువ్వు సైకిళ్లు చూసుకుంటా ఈడ చెట్టు కింద ఉండు. నీకు తెలీందేముండాది. మునుపంటే పాడుగుడి, ఎవురు పోయినా ఎవురొచ్చినా అడిగేటోళ్లు లేరు. ఇప్పుడు సామి ఉండాడు. ఊర్లో పెద్దోళ్లుండారు. నాకైతే ఏం లేదబ్బా, నా సంగతి నీకు తెల్సు గదా."

భుజం తట్టబోయినట్టు చెయ్యి చాచాడు. ఆ చెయ్యి వచ్చి సైకిలు సీటు మీద పడింది. సీటునే రెండుసార్లు తట్టి గేటు తీసుకొని లోపలికి వెళ్లాడు.

ఉలిగప్ప కిందికి చూసుకున్నాడు. మెట్టు మీద పెట్టిన కాలు ఎప్పుడు వెనక్కి వచ్చిందో అతనికే తెలియలేదు.

శనివారం పొద్దంతా అతను షాపు బయట సైకిళ్లు సరిచేస్తూ కూర్చున్నాడు. ట్యూబుకు గాలి కొట్టి తొట్టిలో నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట పుల్లతో గుర్తు పెట్టాడు. తుడిచి, ఆకురాయితో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా వేలు తగలకుండా పట్టుకున్నాడు. ఆరక ముందే అతుకు వేస్తే మూడు కిలోమీటర్లు పోకముందే ఊడి వస్తుంది. తొందరపడి చేసిన పని దారిలో బయటపడుతుందని ఎవరికి నేర్పినా ముందు అదే చెబుతాడు. ఆ రోజు మాత్రం రెండుసార్లు తొందరపడ్డాడు. రెండుసార్లూ పీకి మళ్లీ గీకాడు.

అతని భార్య అంజినమ్మ లోపల మిషను మీద జాకెట్లు కుడుతోంది. మిషను చప్పుడు ఆపి, గడప దగ్గరికి వచ్చి నిలబడింది.

"రెండు గుళ్లు, కోట చాలవా? ఆ గుడికి పోకపోతే ఏమి?"

"హిందూపురం ఆయప్ప ఫోనులో ఆ గుడే అడిగినాడు. వాళ్ల పాప బొమ్మలు గీస్తాదంట."

"అట్లయితే ఆయన చెప్పినట్ల చెట్టు కింద ఉండు. ఒక పూట గదా. గోవిందు ఆయప్ప షెడ్డులో ఉండాడు, అది మర్చిపోవద్దు."

అతను చైను మీద నూనె చుక్కలు వేస్తూ, పెడలును మెల్లగా వెనక్కి తిప్పుతున్నాడు.

"ఊర్లో గుడికి మనం ఎప్పుడన్న పోయినామా?" అంది అంజినమ్మ. "మా నాయన పోలే. మీ నాయన పోలే. బయట నిలబడి టెంకాయ ఇచ్చి వచ్చినారు. దానికి లేని బాధ దీనికేంటికి?"

"అది గుడి అని నేను పోలే," అన్నాడు ఉలిగప్ప. కాసేపటికి, పెడలు తిప్పడం ఆపి, "గుడి కాదనే పోయినా," అన్నాడు.

అంజినమ్మ లోపలికి వెళ్లి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

హరికృష్ణకు హిందూపురం బజారులో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఆదివారం ఆరున్నరకల్లా భార్య వసుధను, పదేళ్ల కూతురు వైష్ణవిని కారులో పెనుకొండకు తీసుకొచ్చాడు. ఉలిగప్ప ముగ్గురికీ సైకిళ్లు చూపించాడు. పాపను సీటు మీద కూర్చోబెట్టి, కాలు చాచమని, మోకాలు ఎంత వంగుతోందో చూసి, సీటును ఒక అంగుళం దించాడు. హరికృష్ణ కాలేజీ వదిలాక సైకిలు ముట్టలేదు. మొదటి ఫర్లాంగు హ్యాండిలును పాము తలకాయ పట్టుకున్నట్టు బిగించి పట్టుకున్నాడు.

"బిగబట్టొద్దు సార్. వదులుగా పట్టుకోండి. అదే పోతాది," అన్నాడు ఉలిగప్ప పక్కన తొక్కుతూ.

కోట వాకిలి దగ్గర రాళ్ల మధ్య సున్నం లేకుండా గోడ ఎలా నిలబడిందో చూపించాడు. కొండ మొదట్లో ఉన్న మొదటి గుడిలో వైష్ణవి పుస్తకం తీసి ఒక ఏనుగు బొమ్మ గీసింది. రెండో గుడిలో ఇడ్లీ పొట్లాలు విప్పారు. అవి బస్టాండు దగ్గరి హోటలువి. ఇంట్లో చేసి తేవడం అతను చాలా ఏళ్ల కిందటే మానేశాడు. ఒకసారి ఎవరో, వంట ఎవరు చేశారని అడిగారు.

మట్టిదారి మీద వైష్ణవి అతని పక్కనే తొక్కుతూ వచ్చింది.

"పెద్ద గుడిలో ఏముంది అంకుల్?"

"ఒక స్తంభం మీద ఒకామె ఉండాది పాపా. కాల్లో ముల్లు గుచ్చుకునింటాది. ఒక చేత్తో చెట్టుకొమ్మ పట్టుకొని కాలు ఎత్తింటాది, ఇంకొకరు కింద కూచొని ముల్లు తీస్తాంటారు. ఆమె మొగం చూస్తే మనకు నొప్పి పుడతాది. ఇంకోటి సగమే చెక్కిన స్తంభం. శిల్పి పువ్వు గీసుకున్యాడు, నాలుగు రెక్కలు చెక్కినాడు, ఇడిసిపెట్టినాడు. ఏంటికి ఇడిసిపెట్టినాడో నువ్వే చెప్పల్ల నాకు."

చెబుతున్నంతసేపూ అతని లోపల ఇంకో మాట నడుస్తోంది. దాన్ని గొంతులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. గుడి ముందు కానుగ చెట్టు కింద సైకిళ్లు ఆపి, నాలుగింటికీ కలిపి గొలుసు చుట్టి తాళం వేశాక, ఆ మాట తడబడకుండా బయటికి వచ్చింది.

"మీరు పోయి రండి సార్. నేను సైకిళ్లు చూసుకుంటా ఉంటా. లోపల ఈ అన్న చూపిస్తాడు."

రాఘవేంద్ర తెల్ల చొక్కా వేసుకొని గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. ముగ్గురూ బూట్లు విప్పి లోపలికి వెళ్లారు. ఇన్నేళ్లలో అక్కడ ఎవరూ చెప్పులు విప్పలేదు.

ఉలిగప్ప గేటుకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. లోపలి మాటలు వినిపిస్తున్నాయి. "ఇది దేవతలు ఒక్క రాత్రిలో కట్టిన గుడి సార్. కోడి కూసేసరికి ఎట్లుండేది అట్ల వదిలేసి వెళ్లిపోయినారు," అంటున్నాడు రాఘవేంద్ర. ఉలిగప్ప కళ్లు దించుకొని కానుగ పూలను కాలి బొటనవేలితో జరిపాడు.

కాసేపటికి వైష్ణవి గేటు దాకా పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, ముల్లు ఆమె ఆయనకు తెలీదంట. ఎక్కడుంది?"

"ఎడమపక్క రెండో వరస పాపా. మూడో స్తంభం. నీ నడుము ఎత్తున చూడు."

పాప వెళ్లింది. లోపలినుంచి అరిచింది. "లేదు అంకుల్! అంతా తెల్లగా ఉంది!"

"సున్నం కొట్టినారు, కంటికి కనపడదు. చెయ్యి పెట్టి చూడు. మెల్లగా కిందికి జరుపు."

ఉలిగప్ప తన కుడిచేతిని గాలిలో కిందికి జరుపుతున్నాడు, తనకు తెలియకుండానే.

"కాలు దొరికింది! మడమ దొరికింది అంకుల్!"

"ఆ మడమ కింద చూడు, ఇంకొక చెయ్యి ఉంటాది."

"ఉంది!"

వసుధ బయటికి వచ్చింది. గేటు దగ్గర ఆగి అతన్ని చూసింది, తర్వాత చెట్టు కింద గొలుసు చుట్టిన సైకిళ్లను చూసింది.

"తాళం చెవి ఎవరి దగ్గరుంది ఉలిగప్పా?"

"నా కాడే ఉండాదమ్మా."

"తాళం వేసినాక కాపలా ఏంటికి?"

పన్నెండేళ్లుగా అక్కడికి వచ్చినవాళ్లు ఏమడిగినా అతను జవాబు చెబుతూ వచ్చాడు. తెలియకపోతే తెలియదని చెప్పాడు. ఇప్పుడు తాళం చెవి తీసి అరచేతిలో పెట్టుకొని చూశాడు.

"నన్ను లోపలికి రానీరమ్మా," అన్నాడు.

"ఎవరు? ఏంటికి?"

"మాది ఈ ఊరి కాలనీ."

ఆమె గేటు కమ్మీ మీద ఉన్న చెయ్యి తీసి, ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు పట్టుకుంది. వెనకే వచ్చిన వైష్ణవి, "కాలనీ అంటే ఏంటమ్మా?" అంది.

హరికృష్ణ, రాఘవేంద్ర కూడా వచ్చారు. వసుధ భర్తతో రెండే ముక్కల్లో చెప్పింది. హరికృష్ణ మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"వాళ్ల ఊరి సంగతులు మనకేంటికి వసుధా? చూసేకి వచ్చినాం, చూసినాం. ఎండెక్కుతాంది, పోదాం."

"నేను ఈయప్పతో చూసేకి వచ్చినా. ఇంకా ఏం చూడలేదు."

రాఘవేంద్ర నవ్వాడు. "అయ్యో, ఎవరమ్మా అట్ల చెప్పింది? ఆ కాలం యాడుండాది ఇప్పుడు?" అని ఉలిగప్ప వైపు తిరిగాడు. "ఏమబ్బా ఉలిగా, నేనెప్పుడన్న నిన్ను రావొద్దంటినా? చెప్పు, వాళ్ల ముందరే చెప్పు."

నిజమే. అతను ఆ మాట అనలేదు. గురువారం అంత మాట్లాడినా ఆ ఒక్క మాట మాత్రం అనలేదు. ఇప్పుడు ఏం చెప్పాలో ఉలిగప్పకు తెలుసు. 'లేదన్నా, నేనే ఉండిపోతి' అనాలి. అతని నాయన ఎన్నిసార్లు అన్నాడో ఆ మాట. నాలుక చివరికి వచ్చింది కూడా. లోపల సిద్ధమ్మ పొరక పట్టుకొని చూస్తోంది. మండపంలో కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు చూస్తున్నారు.

"లేదన్నా," అన్నాడు. "నువ్వు ఆ మాట అన్లేదు."

"మరింకేమి!"

"అయితే వస్తాండా."

వంగి చెప్పులు విప్పాడు. వాటిని బూట్ల పక్కన, వరసలో పెట్టాడు. నాలుగు మెట్లు ఎక్కాడు. మండపంలోని ఇద్దరు ముసలివాళ్లు కండువాలు దులుపుకొని రెండోవైపు నుంచి దిగిపోయారు. ఆదివారం కావడంతో ఇంకా గర్భగుడి దగ్గరే ఉన్న అయ్యగారు తెర లాగాడు. తెర ఉంగరాలు కమ్మీ మీద గలగలమని జారాయి. ఉలిగప్ప అటు చూడలేదు. ఎప్పుడూ మొదలుపెట్టే స్తంభం దగ్గరికే వెళ్లి నిలబడ్డాడు. ఒకసారి దగ్గాడు. చెప్పడం మొదలుపెట్టాడు.

ముల్లు గుచ్చుకున్న స్త్రీ మొహం ఉన్నచోట వసుధ చేతిని పెట్టించి, కనుబొమల దగ్గర ముడత ఎలా ఉంటుందో చెప్పాడు. మండపం మధ్యలో గొంతుక్కూర్చొని, కొత్తగా పరిచిన గ్రానైటు మీద అరచేయి ఆనించాడు.

"ఈడ పులిజూదం గీతలుండె పాపా. పశువులు మేపేటోళ్లు ఎన్ని వందల ఏండ్లు ఆడినారో, బండ గుంతలు పడిండె. వచ్చినోళ్లందరితో రాళ్లు పెట్టి ఒక ఆట ఆడించేవాణ్ని. ఇప్పుడు దీని కింద ఉండాది."

సగం చెక్కిన స్తంభం వెనకవైపు ఉంది కాబట్టి సున్నం పడలేదు. నాలుగు రెక్కలు, మిగిలిన నాలుగింటికి గీతలు. ఇక్కడికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్పేవాళ్లు. యుద్ధం వచ్చిందని, రాజు చనిపోయాడని, శిల్పికి కూలి ఇవ్వలేదని. వైష్ణవి చాలాసేపు చూసింది.

"అన్నానికి పోయింటాడు," అంది.

ఉలిగప్పకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుతో పాటు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. స్తంభం వైపు తిరిగి దుమ్ము తుడిచినట్టు చేశాడు.

తిరిగి వచ్చాక పెనుకొండలో హరికృష్ణ తన సైకిలును, భార్య సైకిలును తానే షాపులోకి మోసి, స్టాండు వేసి, కొంచెంసేపు అక్కడే నిలబడ్డాడు. ఏదో అనాలనుకున్నాడు. "సీటు కొంచెం గట్టిగా ఉండాదప్పా," అన్నాడు చివరికి.

వసుధ కారు ఎక్కే ముందు వెనక్కి వచ్చింది. "మేము పోతాము. తర్వాత నీకేమన్నా ఇబ్బంది అయితాదా?"

"అయితాదమ్మా," అన్నాడు ఉలిగప్ప.

మంగళవారం గోవిందు వచ్చాడు. ఎప్పుడూ బస్సు దిగి అన్న షాపులో టీ తాగి పోయేవాడు. ఈసారి లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు.

"నన్ను షెడ్డుకు రావొద్దన్నారు."

ఉలిగప్ప రెంచి కింద పెట్టాడు.

"ఆదివారం సాయంత్రమే గుడి కడిగిచ్చినారు," అన్నాడు గోవిందు. "పసుపునీళ్లతో కడగమని సిద్ధమ్మవ్వకు పని పెట్టినారు. రాఘవేంద్రన్న షెడ్డు కాడ నాకు వినపడేటట్లే చెప్తాండె, కడిగిచ్చినాం, సరిపోయిందిలే అని. నిన్న పొద్దున పోతే, ఇంగ రావొద్దులే అనె." అతని గొంతు పెరిగింది. "నీకేమన్నా, టవున్లో ఉండావు. నువ్వు పొయ్యి నాలుగు మెట్లెక్కి దిగితివి. నా పిల్లోళ్ల నోట్లో మన్ను పడె."

తమ్ముడి మాటలో అబద్ధం లేదు. ఆ రెండు రోజులుగా ఉలిగప్పకు లోలోపల ఏదో చిన్న గర్వం ఉంది. అది ఆ క్షణాన రాలిపోయింది.

మిషను చప్పుడు ఆగి చాలాసేపు అయింది. అంజినమ్మ బయటికి వచ్చింది. మరిదికి మంచినీళ్ల చెంబు ఇచ్చింది.

"యాడ కడిగినారంట?" అంది.

"మండపం. మెట్లు. అన్న నడిచిన కాడంతా."

"అన్న నడిచిన కాడ," అంది అంజినమ్మ. తనలో తాను అనుకున్నట్టు ఇంకోసారి అదే మాట అంది.

గోవిందు వెళ్లిపోయాక వాళ్లిద్దరూ అన్నం తిన్నారు. సాయంత్రం ఉలిగప్ప ఎవరో స్కూలు పిల్ల సైకిలుకు బ్రేకు రబ్బర్లు మార్చాడు. కళ్లు మూసుకున్నప్పుడల్లా అతనికి ఒకటే కనబడుతోంది. ముసలమ్మ ఒకతె నడుం వంచి, తను కాలు పెట్టిన ఒక్కొక్క బండను నీళ్లు పోసి పొరకతో రుద్దుతోంది. తను రెండు ఎండాకాలాలు కంప కొట్టిన చోటు అది.

గురువారం పొద్దున అతను సైకిలు తీయలేదు. అంజినమ్మ చూసింది.

"ఆదివారం ఎవరన్న వస్తాండారా?"

"ధర్మవరం నుంచి ఐదుమంది. ఆ గుడికి పోలేమని చెప్పేద్దామనుకుంటాండా."

"చెప్పొద్దు," అంది. "నేనూ వస్తా."

అతను తలెత్తాడు. శనివారం చెట్టు కింద ఉండమన్నది ఈమే.

"గోవిందు?"

"గోవిందును పిలుస్తారు. నాలుగో జ్వరం లేచి కుబుసం ఇడిసిన పురుగు ఉండాదంట షెడ్డులో. అది పగలూ రాత్రీ తినే కాలం. ఆకు కోసి వేసేకి ఎవుర్ని తెచ్చుకుంటారు? పెద్దోళ్లు కడిగేకి మనుషుల్ని పెట్టుకుంటారు. పురుగుకు ఆకెయ్యమంటే రారు." ఆమె దారం తెంపి, సూది జాకెట్టు అంచుకు గుచ్చింది. "పిలవకపోతే ఈడికి రమ్మందాం. నాలుగు జాకెట్లు ఎక్కువ కుడతా. నేను ఇన్ని దినాలు, మనం పోకపోతే అదే మర్యాద అనుకుంటాంటి. కడిగినారంటనే... నువ్వేమన్న పేడ తొక్కి పోయింటివా?"

అతను లేచి, హ్యాండిలుకు కొడవలి కట్టుకున్నాడు.

ఆమె అన్నట్టే శుక్రవారం గోవిందును పిలిచారు. ఎవరూ ఏమీ చెప్పలేదట. ఆకు కోసే కత్తి తెచ్చి చేతికిచ్చారట. గోవిందు అది ఫోనులో చెప్పి, "చూసుకొని పో అన్నా," అన్నాడు. పోవద్దని అనలేదు.

ఆదివారం ధర్మవరం వాళ్లు ఐదుగురూ ముందు తొక్కుతుంటే, అంజినమ్మ మొగుడి సైకిలు క్యారియరు మీద కూర్చొని వచ్చింది. ఉతికిన నీలం చీర కట్టుకుంది. మట్టిదారిలో గుంతలు వచ్చినప్పుడల్లా అతని చొక్కా పట్టుకుంది.

గేటు దగ్గర రాఘవేంద్ర ఉన్నాడు. వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టాడు. అంజినమ్మను చూసి అతని చెయ్యి గాలిలో ఒక్క క్షణం ఆగింది.

"ఏమబ్బా, సంసారం గూడా వచ్చిందే."

"ఎప్పుడూ రావొద్దన్లేదని పోయినసారి నువ్వే అంటివి గదన్నా," అన్నాడు ఉలిగప్ప. గొంతులో వెటకారం లేదు. ఉంటుందేమోనని తనే భయపడ్డాడు.

రాఘవేంద్ర ధర్మవరం వాళ్ల మొహాలు చూశాడు. వాళ్లలో ఒకాయన అప్పటికే ఫోను పైకెత్తి గుడిని వీడియో తీస్తున్నాడు. రాఘవేంద్ర తన ఫోను చెవికి ఆనించుకొని మోటారుసైకిలు వైపు నడిచాడు.

అంజినమ్మ మెట్ల దగ్గర ఆగింది. నలభై రెండేళ్ల మనిషి, పరీక్షకు వచ్చిన పిల్లలా కొంగు రెండు భుజాల మీదికి లాక్కుంది. ఎక్కింది. లోపల నాలుగడుగులు వేళ్లు ముడుచుకొని, బండకు పాదం పూర్తిగా ఆనకుండా నడిచింది. ఐదో అడుగుకు పాదం ఆనించింది. గర్భగుడి వైపు పోలేదు. ఉలిగప్ప చెబుతుంటే ధర్మవరం ఆడవాళ్లతో పాటు ఒక్కొక్క స్తంభం దగ్గరా నిలబడి వింది. తన మొగుడు ఇంత మాట్లాడగలడని ఆమెకు తెలియదు. ఇంట్లో అతను మాట్లాడేది తక్కువ.

వాళ్లంతా ఫోటోలు దిగుతున్నప్పుడు ఉలిగప్ప గుడి వెనక్కి వెళ్లాడు. అక్కడ నీళ్ల డ్రమ్ము పక్కన సిద్ధమ్మ గోడకు ఆనుకొని, కాళ్లు చాచి, నడుముకు చెయ్యి పెట్టుకొని కూర్చుంది. పక్కన బకెట్టు, పొరక. అంజినమ్మ కూడా అతని వెనకే వచ్చింది.

"అవ్వా," అన్నాడు ఉలిగప్ప. ఐదు రోజులుగా అనుకుంటున్న మాట అది. "నా వల్ల మళ్లీ నీకు పని. ఇంత గుడి, ఒక్కదానివే కడగల్లంటే..."

సిద్ధమ్మ అటూ ఇటూ చూసింది. రాఘవేంద్ర గొంతు గేటు బయట, దూరంగా వినిపిస్తోంది.

"ఎవురు కడిగినారప్పా?" అంది.

అతనికి అర్థం కాలేదు. "పోయినాదివారం కడిగినారంట గదా. పసుపునీళ్లతో."

"పసుపిచ్చినారు, కడగమన్నారు. వాళ్లు చెప్పి ఇంటికి పోయినారు. ఈ డ్రమ్ములో నీళ్లు ముంచి ఇంత గుడికి పోసేకి నా నడుముకు శాతనయితాదా? రెండు చెంబులు మెట్ల మీద పోసినా. పసుపు కనపడల్ల గదా, గడప కాడ రొంత చల్లినా. కడిగినానని చెప్పినా. నమ్మినారు."

"మరి లోపల?"

"లోపల ఎట్లుండేది అట్లే. అయ్యగారు తెల్లారే వచ్చినాడు, పూజ చేసినాడు, పోయినాడు. సోమవారం చేసె, మంగళవారం చేసె, ఈపొద్దు గూడా చేసె. ఊరంతా వచ్చి తీర్థం తీసుకునె." ఆమె నడుము రుద్దుకుంటూ అంజినమ్మను కింది నుంచి పైదాకా చూసింది. "సామి ఏమన్న లేచిపాయనా? ఆడనే ఉండాడు, పొయ్యి చూడుపో."

అంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో ఉలిగప్పకు తెలియలేదు.

"ఎవురికీ చెప్పొద్దండప్పా," అంది సిద్ధమ్మ, పొరక అందుకొని. "ఈపొద్దు గూడా కడిగినాననే చెప్తా."

ముందువైపు నుంచి ధర్మవరం వాళ్లు పిలుస్తున్నారు. ఉలిగప్ప మండపంలోకి వచ్చి, ఆ నల్లటి బండల మీద నిలబడ్డాడు. ఐదు రోజులుగా తన అడుగులను ఎవరో రుద్ది కడుగుతున్నట్టు అతను నిద్రలేకుండా చూస్తూ వచ్చాడు. అవి ఎక్కడికీ పోలేదు. ఊరి జనం వాటి మీదే నడిచి, వాటి మీదే సాగిలపడి, దండం పెట్టుకొని పోయారు.